నల్లగద్ద టోపీ

ఆకాశంలో నేను తీసినన్ని షాట్లు ఇంకే కెమెరామనూ తీయలేదు. ఇది నా మాట కాదు, జనం మాట. ఏ జనం అని మాత్రం అడక్కండి. నా చేతిలో కెమెరా ఉందంటే ఎగిరే కొంగ కూడా ఒక్క క్షణం ఆగి రెక్కలు సర్దుకునేది. ఒకసారి పడుతున్న పిడుగుని తీశాను. అది నన్ను చూసి జంకి పక్క చెట్టు మీద పడింది.

మా ఆవిడ ఇవేవీ నమ్మదు. "పిడుగు పడ్డ రోజు మీరు మంచం కింద ఉన్నారు" అంటుంది.

ఉన్నాను. కోణం అక్కణ్ణుంచే బాగా కుదిరింది.

కానీ ఇప్పుడు చెప్పబోయేదానికి మాత్రం ఆవిడ అడ్డురాదు. ఇది మొదలుపెడితే చాలు, కుట్టుమిషను ఆపేసి, లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వస్తుంది.

అది యుద్ధం సినిమా. వాడకం మానేసిన ఓ విమానాశ్రయంలో షూటింగ్. సిమెంటు రన్‌వే బీటల్లోంచి గడ్డి మొలిచి మోకాళ్ళదాకా పెరిగింది. మాకు దొరికినవి రెండే రెండు విమానాలు. ఒకటి లావుపాటి పాత బాంబర్. నిజంగా యుద్ధంలో తిరిగొచ్చిందే. నడిపేది పొడిపొడిగా మాట్లాడే ఓ ముసలి కెప్టెన్. రెండోది ఒంటి సీటు చిన్న విమానం. అది మా బావమరిదిది. తల్లి పోయినప్పుడు వాడు పాకుతున్నాడు. మా ఆవిడకప్పుడు పన్నెండేళ్ళో ఏమో, వాణ్ణి చంకనేసుకుని బడికెళ్ళేదట. వాడు గాల్లోకి లేస్తే ఇప్పటికీ చక్రాలు నేలని తాకేదాకా ఆవిడ సూదిలో దారం ఎక్కించదు. ఆ సినిమాకి బట్టలు కుట్టింది మా ఆవిడే.

మనవాళ్ళ విమానం ఉంది సరే, మరి శత్రువుల విమానం? నిర్మాత చేతులెత్తేశాడు. అప్పుడు దర్శకుడికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. ఆ చిన్న విమానానికే ఎడమపక్క మనవాళ్ళ నీలి చక్రం వేయించాడు, కుడిపక్క శత్రువుల నల్లగద్ద. ఎడమనుంచి తీస్తే మనవాడు, కుడినుంచి తీస్తే పగవాడు. గద్దని పాత ఫొటో చూసి గోళ్ళతో సహా అచ్చుగుద్దినట్టు దింపారు. బావమరిది కోటుకీ అదే వరస. ఎడమ భుజాన చక్రం, కుడి భుజాన గద్ద.

"ఈ కోటు దాచుకోరా, పెళ్ళయ్యాక పనికొస్తుంది" అంది మా ఆవిడ, పళ్ళతో దారం కొరుకుతూ. "ఆవిడ కోపంగా ఉంటే ఒక పక్క, నవ్వుతుంటే ఒక పక్క తిరగొచ్చు."

"బావకి కుట్టిపెట్టకపోయావా అక్కా?"

"ఆయనకి రెండు పక్కలూ ఒకటే. ఎటునుంచి చూసినా గొప్పలే."

నా చోటు బాంబరు తోకలో. పొట్ట మీద పాకుతూ వెళ్ళాలి. చివర్న గాజు బుడగలాంటి గది, అందులో వెనక్కి తిరిగిన ఒంటి సీటు. ఒకప్పుడు అక్కడ మరతుపాకి ఉండేది. తుపాకి తీసేశారు గానీ దాని ఇనపచట్రం, రెండు పిడులు, బొటనవేలితో నొక్కే మీటా అలాగే ఉన్నాయి. ఆ చట్రానికే నా కెమెరా బిగించాం. మీట నొక్కితే కెమెరా తిరిగేలా వైరు కలిపింది నేనే. ఆ తెలివి ప్రపంచంలో ఇంకెవరికీ తట్టదు. తట్టకపోతేనే మంచిది.

"బావా, ఆ సీట్లో ఒకడున్నాడట" అన్నాడు బావమరిది, ఎక్కబోయే ముందు. "తోకలోకి మాటలు వినిపించే వైరు తెగిపోయిందట. యుద్ధం ఆగిపోయింది, కాల్చకు అని విమానం ముందునుంచి ఎంత అరిచినా వినపడలేదు. కాలుస్తూనే ఉన్నాడు. చివరికి అవతలివాళ్ళు వాణ్ణి సీట్లోనే జల్లెడ చేసేశారు. పాపం, యుద్ధం అయిపోయిందని ఈ రోజుకీ ఎవరూ చెప్పలేదు."

"నేను చెప్తాలే."

"నువ్వు చెప్పడం మొదలుపెడితే వాడే దూకేస్తాడు!"

ఇంకో ముక్క కూడా చెప్పాలి. ఆ మధ్యాహ్నమే నేను నటించాను కూడా. శత్రు సేనాధిపతి వేషం వేయాల్సినవాడు జ్వరంతో రాలేదు. దర్శకుడు నా మీసం వంక చూశాడు. అంతే. ఒకే ఒక్క షాట్, కానీ చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కేశారంటే నమ్మండి. నల్లగద్ద బిళ్ళ కుట్టిన ఆ టోపీ నాకెంత నచ్చిందంటే, దాన్ని తీయకుండానే విమానం ఎక్కేశాను. కెమెరాలో కన్ను పెట్టడానికి అడ్డొస్తుందని అంచు వెనక్కి తిప్పుకున్నాను. బిళ్ళ నా తల వెనక్కి పోయింది.

పొద్దు వాలుతుండగా పైకి లేచాం.

ఆ తోకగది ఎలా ఉంటుందో చెప్తాను వినండి. వీపుకి ఆనుకుని ఇనప తలుపు. మోకాళ్ళు గడ్డానికి తగులుతుంటాయి. ఇంజను రొద చెవుల్లోకి కాదు, పళ్ళలోకి వస్తుంది. మాగిపోయిన తోలు వాసన, మాడిన నూనె వాసన. వాటి అడుగున ఇంకొకటి, నోట్లో రాగి నాణెం పెట్టుకున్నట్టు. కింద పొలాల మీద చీకటి మెల్లమెల్లగా పరుచుకుంటోంది. పైన మాత్రం ఇంకా నారింజరంగు వెలుగు.

ముందు మనవాడి షాట్లు. బావమరిది ఎడమపక్క చూపిస్తూ మా వెనకే హాయిగా తేలుతూ వచ్చాడు. నీలి చక్రం తళతళలాడింది. మీట వెన్నలా నొక్కుకుంది. తీస్తున్నంతసేపూ ఎవరో నా చెవి పక్కన నెమ్మదిగా, తృప్తిగా ఊపిరి పీలుస్తున్నట్టు అనిపించింది. ఇంజను గాలి అనుకున్నాను.

"అయిపోయింది బావా. ఇక పగవాణ్ణి చూసుకో" అన్నాడు రేడియోలో.

మా కిందనుంచి దూరి అవతలికి తేలాడు. ఇప్పుడు కుడిపక్క. ఏటవాలు ఎండలో గద్ద ముక్కు మెరిసింది.

చెవి దగ్గరి ఊపిరి ఆగిపోయింది.

టక్... టక్.

ఎవరో మడిచిన వేళ్ళతో నా ఎడమ చెవి పక్క రేకు మీద కొట్టారు. తల తిప్పాను. రేకు తప్ప ఏమీ లేదు. గుప్పున మందుగుండు వాసన. నేనింకా నొక్కలేదు. మీట దానంతటదే లోపలికి వెళ్ళింది. కెమెరా తిరిగింది. చట్రం నా భుజాలు ఊడిపోయేలా దడదడలాడింది. బావమరిది విమానం తోకనుంచి రేకుముక్కలు లేచి ఎగిరిపోయాయి.

"ఏదో తగిలింది బావా. పిట్ట అనుకుంటా."

"భలే! భలే! ఆ ముక్కలు ఎగరడం అద్భుతం! కానివ్వండి!" కిందనుంచి రేడియోలో దర్శకుడి కేక.

నేను బొటనవేలు ఎత్తబోయాను.

రాలేదు.

నా వేలి మీద ఇంకో వేలు ఉంది. కనపడదు. కానీ నా గోరు తెల్లబడి, కండ చదునుగా నొక్కుకుపోవడం కళ్ళారా చూస్తున్నాను. మంచుముక్కలాంటి చల్లదనం. విరిగిన గోరు ఒకటి నా చర్మంలోకి దిగుతోంది. రెండు పిడుల మీదా నా చేతుల పైన చేతులు...

టక్... టక్.

ఈసారి రెక్క. రెక్క చివర చింపేసిన గుడ్డలా వేలాడింది. పెట్రోలు తెల్లటి పొగలా చిమ్మింది.

"కట్! కట్!" అంటున్నాడు దర్శకుడు. "ఆపండి!" అంటున్నాడు కెప్టెన్. నాకు అందరి మాటా వినిపిస్తోంది. వాడికి వినిపించడం లేదు.

"యుద్ధం అయిపోయిందిరా! ఎప్పుడో అయిపోయింది!" అని గొంతు చించుకుని అరిచాను. ఆ వేలు ఇంకాస్త బిగిసింది.

అప్పుడు వెలిగింది నాకు. ఎడమపక్క తీసినంతసేపూ వీడు ఊరికే కూర్చున్నాడు.

"ఒరేయ్, అటు దాటు! చక్రం చూపించు! ఎడమపక్క చూపించు!"

"తిరగడం లేదు బావా... తోక మాట వినడం లేదు..."

మొదటిది తోకకి. రెండోది రెక్కకి. గురి ముందుకి పాకుతోంది. మిగిలింది మనిషే.

టక్... టక్.

బావమరిది ముందు గాజు బద్దలైంది. లోపలినుంచి ఎర్రగా చిమ్మి, మిగిలిన అద్దమంతా కమ్మేసింది. ఆ ఎరుపులో ఒక చెయ్యి జారుతూ గీత గీసింది. రేడియోలో నా పేరు రాలేదు, దేవుడి పేరూ రాలేదు. "అక్కా..." అని మాత్రం వినపడింది. అదే రేడియో కింద బట్టల గుడారంలోనూ మోగుతుంటుంది. అక్కడ మా ఆవిడ ఉంది.

కెమెరా బిగించే పానా నా ఒళ్ళోనే ఉంది. ఎడమచేత్తో దొరకబుచ్చుకున్నాను. నా బొటనవేలి మీదే, నా కుడి బొటనవేలి మీదే, బలంకొద్దీ మోదాను. చర్మం చిట్లింది. వేలు కదల్లేదు. మళ్ళీ మోదాను. గోరు లేచిపోయింది. మళ్ళీ... ఎముక పుటుక్కుమంది. విరిగిన వేలు పక్కకి మడతపడి, నెత్తురుతో జారి, ఆ చల్లటి వేలి కిందనుంచి బయటికొచ్చింది. కెమెరా ఆగింది.

వాడు మళ్ళీ మీట వెతుక్కునేలోగా బావమరిది ముక్కు కిందికి వంచి, రాయిలా పడిపోయి, అవతలపక్క తేలాడు.

నీలి చక్రం.

నా చెవి పక్కన ఎవరో నిట్టూర్చారు. తప్పిపోయిన తమ్ముడు ఇంటికొచ్చినట్టు. ఇనపచట్రం మెల్లగా తల వాల్చింది.

బావమరిది ఎడమచేత్తోనే దింపాడు విమానాన్ని. అంత కష్టంలోనూ నేను రేడియోలో ధైర్యం చెప్పబట్టే దింపగలిగాడు. ఏడుస్తూ చెప్పానని మా ఆవిడ అంటుంది. వెనకే మేమూ దిగాం. రన్‌వే పొడుగునా శత్రు సైనికుల దుస్తుల్లో వందలమంది జూనియర్ ఆర్టిస్టులు బారులు తీరి చూస్తున్నారు. అందరి ఛాతీల మీదా గద్దలే. నా వేలు గనక ఇంకా ఆ మీట మీద ఉండి ఉంటే... వద్దు, అది ఊహించను.

విమానం ఆగుతోంది. ఫొటోలవాళ్ళు పరిగెత్తుకొస్తున్నారు. వేలు విరిగితేనేం, కెమెరా ముందుకి వెళ్ళేటప్పుడు మనిషన్నాక ఒక తీరుగా ఉండాలి కదా. ఎడమచేత్తో టోపీ సరిగ్గా ముందుకి తిప్పుకున్నాను.

బయట మసకచీకటి. లోపల చిన్న దీపం. ఎదురుగా గాజులో నా నీడ. నుదుటి మీద నల్లగద్ద.

చెవి పక్క ఊపిరి ఆగిపోయింది.

గాజులో కనిపిస్తున్నది నా ఒక్కడి ముఖమే. కానీ నా నుదుటి మీద, టోపీ బిళ్ళ మీద, చల్లగా ఒక వేలు ఆనింది. తడిమింది. గద్ద ముక్కు, రెక్క, గోళ్ళు... ఒక్కొక్కటే. విరిగిన గోరు బిళ్ళ మీద గీరుకుంటున్న చప్పుడు.

"నువ్వూనా...?"

పసిగొంతు. ఇరవయ్యేళ్ళు కూడా నిండనివాడి గొంతు.

వెనక తలుపు తెరుచుకుంది. కెప్టెన్ నా కాలర్ పట్టి ఈడ్చి బయటపడేశాడు.

మా బావమరిది బతికాడు. కుడిచెయ్యి మాత్రం భుజం దాకా, సరిగ్గా ఆ గద్ద కుట్టిన చోటిదాకా, తీసేశారు. ఎడమపక్క కోటు మీద గీత కూడా పడలేదు. విచారణకి వచ్చినవాళ్ళు పాత రేకు విరిగిందన్నారు. సినిమా విడుదలైంది. ఆ షాటుకి హాల్లో ఈలలే ఈలలు. మా ఆవిడ ఆ టోపీ మీది బిళ్ళని ఒక్కొక్క కుట్టే విప్పి పొయ్యిలో వేసింది.

వేసిన వారానికి మా వీధి చివర కరెంటు స్తంభానికి వరసగా చిల్లులు పడ్డాయి. తుప్పు అన్నారు. కొన్నేళ్ళకి మా ప్రహరీగోడకి. ఇల్లు మారాం. మారిన ఇంట్లో ముందు అరుగు స్తంభానికి, ఆ తర్వాత ముందుగది తలుపు చెక్కకి. దూరం లెక్కగట్టడం నా వృత్తి. లెన్సు లేకుండానే చెప్పగలను. ప్రతిసారీ దగ్గరవుతోంది. వాడికిప్పుడు బిళ్ళ అక్కర్లేదు. ముఖం తెలిసిపోయింది.

పోయిన వారం మధ్యాహ్నం నా కుర్చీలో వెనక్కి వాలి, పిడుగు కథ చెప్తున్నాను మా ఆవిడకి. తలుపు మీద ఎవరో కొట్టారు. లేచి వెళ్ళి తీశాను. ఎదురుగా బావమరిది, పళ్ళ సంచితో.

వాడు నన్ను చూడలేదు. నా భుజం మీదుగా లోపలికి చూస్తున్నాడు. తిరిగాను. గదినిండా దూది ఎగురుతోంది. నా కుర్చీలో తల ఆనించే చోట వరసగా చిల్లులు. మా ఆవిడ చేతిలో సూది అలాగే గాల్లో ఉండిపోయింది.

బావమరిది లోపలికొచ్చి, ఉన్న ఒక్కచేతి వేలు చిల్లులో పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. కాలింది.

"నువ్వు రాబట్టి బతికాన్రా" అన్నాను. "నువ్వు తలుపు కొట్టకపోతే నా తల అక్కడే ఉండేది."

"నేనెక్కడ కొట్టాను బావా? ఈ చేతిలో సంచి ఉంది. ఎలా కొట్టాలా అని నిలబడ్డాను. ఈలోపు నువ్వే తీశావు."

మా ఆవిడ సూది కింద పెట్టింది. "రెండుసార్లు" అంది, గుసగుసగా. "నేనూ విన్నాను."

ఆ కుర్చీ పారేశాం. కానీ కాల్చబోయేవాడు ముందుగా ఎందుకు తడతాడు? నన్ను గురిలోంచి లేపడానికా, లేపి గురిలోకి తేవడానికా? అప్పట్నుంచీ టక్ టక్ అని వినపడితే చాలు, సగం లేచి అలాగే ఆగిపోతున్నాను.