పుట్టనివాళ్ళ ఓటు

ఎమ్మెల్యే సుంకమ్మ తడిపెట్టెల కంపెనీకి అమ్ముడుపోయిందని పక్కింటి లింగమ్మ వీధంతా చెప్పుకుంటూ వచ్చిందట. కంపెనీవాళ్ళు రెండు పెట్టెలు ఊరికే ఇచ్చారనీ, వాటిమీద దుప్పటి కప్పి లోపలికి మోయించుకుందనీ, తాను కళ్ళారా చూడలేదు గానీ చూసినవాళ్ళే చెప్పారనీ అన్నదట. లేకపోతే ఇంటి ముందుకొచ్చిన నీళ్ళను వద్దనే ఎమ్మెల్యే ఎక్కడైనా ఉంటుందా అని కూడా అడిగిందట.

తడిపెట్టె అంటే గాలిలో తేమను పిండి నీళ్ళు చేసే యంత్రం. ఇరవై ఒకటో శతాబ్దం చివరికొచ్చేసరికి గుండ్లపెంట నియోజకవర్గంలో అది లేని ఇల్లు లేదు. రాత్రంతా ముసలి ఎద్దులా రొప్పి, తెల్లారేసరికి ఇంటిల్లిపాదికీ తాగునీళ్ళు ఇస్తుంది. చేనుకు మాత్రం చుక్క ఇవ్వలేదు. చేనుకు కావలసిన నీళ్ళన్నీ రాతిపొరల కింద, ఏ కాలంనాటివో, కదలకుండా ఉన్నాయి. జనం వాటిని అడుగునీళ్ళంటారు. ఒకసారి తోడేస్తే మళ్ళీ ఊరేవి కావు కాబట్టి వెనకటి ప్రభుత్వం వాటికి చట్టంతో మూత వేసింది.

ఆ మూత తీసే బిల్లు ఈ సమావేశాల్లో సభకొచ్చింది. ఆర్థికమంత్రి వజ్రభాస్కర్ ఇంకా పాసుకాని బిల్లును నమ్ముకుని, అడుగునీళ్ళ మీద రాబోయే పన్నును బడ్జెట్‌లో ఆదాయంగా చూపించేశాడు. చర్చలో సుంకమ్మ లేచి, ఇంకా ఈనని బర్రె పాలను మంత్రిగారు ఊరంతటికీ ముందే వాడుకగా పోసేశారని అన్నది. సభ నవ్వింది. ఆమె నవ్వలేదు. చట్టం రాకముందు అడుగునీళ్ళు తోడేసిన ఊళ్ళలో ఆమె అమ్మ పుట్టిన ఊరు ఒకటి. పైర్లు బాగానే పండాయి. ఆ తర్వాత కింద డొల్లయిన నేల కుంగి, ఇళ్ళు బీటలిచ్చి, ఊరు ఊరంతా ఖాళీ అయింది. గుండ్లపెంటకు ఆ గతి పట్టకూడదన్నదే ఆమె పంతం.

గుండ్లపెంట మాత్రం ఆమె మాట వినే స్థితిలో లేదు. వానలు వరసగా మొహం చాటేశాయి. వేరుశెనగ నిలువునా మాడిపోతోంది. సొంత తమ్ముడు ఓబులేసే ఫోన్ చేసి, బిల్లు ఓడిపోతే మళ్ళీ ఊళ్ళోకి అడుగు పెట్టొద్దన్నాడు. ఇక ఆమెకు మిగిలిన ఆశ ఒక్కటే. అది సభలో స్పీకర్ ఎడమపక్కనున్న భావిపీఠం.

ఆ పీఠంలో మనిషి ఉండడు. లక్షల ఇళ్ళలో జనం దేన్ని దాచుకుంటారో, దేన్ని అమ్ముకుంటారో, దేనికి పోట్లాడతారో ఏళ్ళ తరబడి గమనించి, ఆ స్వభావాన్నే విత్తుగా వేసి, యాభై ఏళ్ళ తర్వాత బతకబోయే జనాన్ని కంప్యూటర్‌లో పండిస్తారు. దాన్ని శాస్త్రవేత్తలు వారస సిమ్యులేషన్ అన్నారు. ఆ జనం తమలో తాము తేల్చుకున్న మాటను ఒక గొంతు సభలో చెబుతుంది. అడిగినవాళ్ళ యాసలోనే బదులు పలకడం దాని పద్ధతి. నీళ్ళూ, నేలా, కొండల బిల్లుల్లో సభ్యుల ఓట్లు సమానమైతే తీర్పు దానిదే.

అందుకే సుంకమ్మ వారం రోజులు కాలికి బలపం కట్టుకుని తిరిగింది. ఒకరిని బతిమాలింది, ఒకరికి పాత సాయాలు గుర్తుచేసింది, ఇంకొకరి మీద అలిగింది. గెలిచేటంత బలం రాలేదు. సమానమయ్యేటంత వచ్చింది.

ఓటింగ్ రోజున సభ మొదలయ్యే ముందు, పీఠాన్ని తయారుచేసిన డాక్టర్ రుక్సానా వరండాలో కనబడితే పట్టుకుంది.

"ఏమ్మా డాక్టరమ్మా, మీ పీఠం నీళ్ళు వద్దంటాదా?"

"అది మా చేతుల్లో లేదు సుంకమ్మగారూ. మేం దానికి మంచీ చెడూ నేర్పలేదు. మన స్వభావాన్నే తీసుకుని పెంచాం, అంతే."

"చాల్లే. తన నోటికాడి నీళ్ళను తానే పారబోసుకునే మనిషి యాడైనా ఉంటాడా?"

అంతలో సభ గంట మోగింది.

వజ్రభాస్కర్ చివరి నిమిషంలో బిల్లుకు ఒక సవరణ పెట్టాడు. యాభై ఏళ్ళ తర్వాత భావిపీఠం చట్టం రద్దవుతుంది, ఆపైన పుట్టబోయేవాళ్ళ తరఫున సభలో ఎవరూ మాట్లాడరు, అని అందులో ఉంది. పీఠమంటే గిట్టని సభ్యులకు మంత్రి వేసిన ఎర అనుకుంది సుంకమ్మ. తనవాళ్ళెవరూ దానికి లొంగరని ఆమెకు తెలుసు. అడ్డుపడితే ఓటింగ్ రేపటికి పోతుంది, రేపటికి తనవాళ్ళు నిలబడతారో లేదో. నోరు మెదపలేదు. సవరణ బిల్లులో చేరింది. గ్యాలరీలో రుక్సానా మొహం పాలిపోవడం చూసింది గానీ, ఎందుకో అర్థం కాలేదు.

ఓట్లు పడ్డాయి. గోడమీది తెర కాసేపు అటూ ఇటూ ఊగి, సమానం దగ్గర ఆగింది. సుంకమ్మ చీరకొంగును గుప్పిట్లో బిగించింది. స్పీకర్ పీఠంవైపు తిరిగి, భావిపీఠం ఏమంటుందని అడిగాడు.

"బిల్లుకు అనుకూలం" అన్నది గొంతు.

వజ్రభాస్కర్ కూడా వెంటనే చప్పట్లు కొట్టలేకపోయాడు. సుంకమ్మ లేచింది. పీఠాన్ని కారణం అడిగే హక్కు ప్రతి సభ్యునికీ ఉంది.

"పాపా, బిల్లు సరిగ్గా చదివినావా? మేం తోడేస్తే మీకు బురద గూడా మిగలదు. నేల కుంగుతాది. మీరే ఊరిడిచి పోవల్ల."

"తెలుసు అవ్వా." యాస అచ్చం గుండ్లపెంటదే. వయసులో ఉన్న ఆడపిల్ల గొంతు. "నీళ్ళు లేకుంటే ఎట్లనో బతుకుతాం. మీరు బతకల్యా?"

"మరి ఎందుకు ఒప్పుకుంటివి?"

"మా కాలానికి కొండలుంటాయి, సముద్రముంటాది. వాటిని మేం వాడుకోవల్ల. ఇట్లాంటి పీఠమొకటి మా సభలోనూ కూర్చుని, అది ముట్టొద్దు, ఇది తవ్వొద్దు అంటాంటే మేమెట్ల బతికేది? ఈ బిల్లులో ఆ పీడ తీసేసినారు. ఆ ఒక్కమాటకే ఒప్పుకుంటిమి."

సుంకమ్మ గ్యాలరీవైపు చూసింది. రుక్సానా తల వంచుకుని ఉంది. యంత్రంలో ఎక్కడో తప్పు జరిగి ఉంటుందని ఆమె లేచి చెబితే బాగుండుననిపించింది. ఆమె లేవలేదు. సుంకమ్మ మళ్ళీ పీఠంవైపు తిరిగింది.

"మీకు మాత్రం మనవళ్ళూ మనవరాళ్ళూ ఉండరా పాపా?"

"ఉంటారవ్వా. వాళ్ళకు ఓటుండదు."