ఆకలిని ఆపే కబురు

వీరేంద్ర వేలి నుంచి పెళ్లి ఉంగరం జారి కాలవలో పడిపోయిన రోజే అసైన్‌మెంట్ వచ్చింది. వట్లూరు సేఫ్‌హౌస్‌లో గూఢచారి విభాగం చీఫ్ ఆనంద్ పాల్ అతన్ని చూడగానే కుర్చీ ముందుకు జరిపాడు. క్లోమంలో క్యాన్సర్ బయటపడ్డాక వీరేంద్ర సగం మనిషయ్యాడు.

“ట్రయల్ మందు పోయిందయ్యా. క్యాన్సర్ రోగులు చిక్కిపోకుండా ఆపుతుందేమోనని ఏలూరులో పరీక్షించబోతున్నది. ఉన్నది ఒక్క పెట్టె. మన ఏజెంట్ డాక్టర్ ఎలిజబెత్ విదేశీ ముఠాకి అమ్ముడుపోయి దాన్ని ఎత్తుకెళ్లింది. మధ్యాహ్నం కొల్లేటికోట రేవులో పెట్టె చేతులు మారుతుంది. వాళ్ల కోడ్ దొరికింది. కొనేవాడిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. వాడికంటే ముందు నువ్వుండాలి.”

“నా ఫొటో ఆవిడ దగ్గరుంటుంది కదండీ?”

“అందులో నువ్వు తొంభై కిలోలు.”

“అయితే మేకప్ ఖర్చు మిగిలిందండీ.”

ఆనంద్ పాల్ నవ్వలేదు. “ఆ ట్రయల్‌లో నీ పేరూ ఉంది.”

“తెలుసండీ.”

గళ్ల లుంగీ కట్టి, తలకి తువ్వాలు చుట్టి వీరేంద్ర రేవులో నిలబడ్డాడు. చొక్కా గుండీలో కెమెరా. కిక్కిస గడ్డి చాటున టీమ్ పడవలు. నల్ల కళ్లద్దాలు, లేత నీలం చీరతో ఎలిజబెత్ కారు దిగింది. చేతిలో చేపల ఐస్‌పెట్టె.

“వంజరం ఉందాండీ?”

“కొల్లేట్లో వంజరమా? సముద్రానికి పొండి.”

కోడ్ సరిపోయింది. పెట్టె అందించబోయి ఆగింది. అతని కణతల దగ్గర గుంటలు చూసి, కళ్లద్దాలు తీసింది.

“ఎన్నాళ్ల నుంచి ఇలా తగ్గుతున్నారు?” అది డాక్టర్ గొంతు.

“చాన్నాళ్లయిందండీ, కడుపులో గడ్డంట. మా ఆవిడ కొర్రమీను పులుసు పెట్టి, తినట్లేదని ఏడుస్తుంది.”

“ఆవిడ తప్పు కాదు, మీ తప్పూ కాదు. గడ్డ ఉన్న ఒంట్లో ఒక హార్మోన్ పెరిగి, ఆకలి వద్దని మెదడుకి కబురు పంపుతుంది. ఒళ్లు సొంత కండనే కరిగించి ఖర్చుపెట్టేస్తుంది. తిండి పెట్టినంత మాత్రాన ఆగదు.”

“ఆపే మందు ఈ పెట్టెలో ఉందంటగా, ఎలిజబెత్ గారూ?”

దూరంగా మోటారు బోటు చప్పుడు. అసలు మనిషి వస్తున్నాడు. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోని పిస్టల్ మీదికి వెళ్లింది.

“వీరేంద్ర గారా? ఇంతలా చిక్కిపోయారేంటండీ!”

ఆ చెయ్యి బయటికి రాలేదు.

వీరేంద్ర పెట్టె లాక్కున్నాడు. బరువు మోయలేక పొట్టకి ఆనించుకున్నాడు, వదల్లేదు. కిక్కిసలోంచి పడవలు దూసుకొచ్చి బోటుకి అడ్డం తిరిగాయి. టీమ్ మనుషులు ఒడ్డుకి దూకి ఎలిజబెత్‌ని పట్టుకున్నారు.

జీపులో ఆనంద్ పాల్ అడిగాడు. “ఏమన్నా తింటావా?”

“ఆకలి లేదండీ. నా తప్పు కాదట.”

సాయంత్రానికి మందు ఏలూరు చేరింది. అది పనిచేస్తుందో లేదో తేల్చడం ఇంకా మిగిలే ఉంది.