కనుమ దాటేముందు గుక్కెడు

లెఫ్టినెంట్ ఇలారియోన్‌ని గురువారం ఎత్తుకుపోబోతున్నారని కల్నల్ సెంతేనో చెప్పినప్పుడు కసిల్దా చేతిలో కప్పు కింద పెట్టలేదు. కోకా ఆకుల టీ ఇంకా సగం ఉంది. అది తాగేసి, ఎలా తెలిసిందని అడిగింది.

అవతలి దేశం వాళ్ళ రేడియో సందేశం ఒకటి దొరికింది. 'గురువారం పటం వస్తుంది.' అంతే ఉంది అందులో. పటం అంటే కాగితం కాదని కల్నల్‌కి వెంటనే అర్థమైంది. కొండల మధ్య రహస్యంగా వేసిన రన్‌వేలన్నీ కొలిచినవాడు ఇలారియోన్. అవి ఎక్కడా గీసిపెట్టలేదు, అతని తలలోనే ఉన్నాయి. ఆ తల సరిహద్దు దాటితే వైమానిక దళానికి దాక్కునే చోటు మిగలదు.

వాళ్ళిద్దరూ కూర్చున్నది శిక్షణ స్థావరంలోని చరిత్ర గదిలో. గోడల నిండా ఫోటోలు. రైలు పెట్టెల్లో ముక్కలుగా వచ్చిన మొదటి విమానాలు, వాటిని బిగించడం తెలియక చుట్టూ నిలబడ్డ సిపాయిలు, చేతి సైగలతో పాఠాలు చెప్పిన విదేశీ మాస్టర్లు. తర్వాత దక్షిణాన ముళ్ళ అడవిలో జరిగిన యుద్ధం, అందులోంచి తిరిగిరాని కుర్రాళ్ళు. ఆ యుద్ధంలో విమానం నడిపిన కల్నల్ ఇప్పుడు కేడెట్లకి ఆ చరిత్రే పాఠం చెబుతున్నాడు. సైనిక గూఢచారి విభాగాన్నీ ఆ గదిలోంచే నడుపుతున్నాడు. ముసలాయన చరిత్ర పాఠం వినడానికి ఎవరూ తొంగిచూడరు కాబట్టి అంతకన్నా భద్రమైన చోటు లేదు.

శిక్షణలో పోయినవాళ్ళ ఫోటోలు తలుపు పక్కన ఉన్నాయి. కసిల్దా భర్త కెప్టెన్ ఫెర్మీన్ ఫోటో అక్కడ లేదు.

పోయిన ఏడాది ఫెర్మీన్ ముసుగు శిక్షణకి వెళ్ళాడు. అందులో వెనక సీటు మీద కాన్వాస్ గుడారం కప్పేస్తారు. లోపలివాడికి ఆకాశం, నేల కనపడవు. ముందున్న మీటర్లు, కంపాస్ చూసుకుంటూ, ముందు సీట్లో ఇన్‌స్ట్రక్టర్ చెప్పినట్టు నడపాలి. ఆ రోజు ఇన్‌స్ట్రక్టర్ మేజర్ రోములో, ఫెర్మీన్‌కి ప్రాణ స్నేహితుడు. విమానం కొండకి కొట్టుకుంది. పారాచ్యూట్‌తో దిగిన రోములో, ఫెర్మీన్ తుపాకీ చూపించి విమానాన్ని అవతలి దేశానికి మళ్ళించాడని సాక్ష్యం చెప్పాడు. ఏడుస్తూనే చెప్పాడు. పారిపోయేవాడి ఫోటో గోడకెక్కదు.

అప్పటినుంచి కసిల్దా, కల్నల్ చెప్పిన పని చేస్తోంది, పెట్టింది తింటోంది. చెయ్యి పొయ్యికి తగిలి కాలితే, వాసన వచ్చాక తెలిసింది ఆమెకి.

బుధవారం మధ్యాహ్నం ఆమె ఊళ్ళోని టీ హోటల్లో వయొలెతాని కలుసుకుంది. వయొలెతా ఆఫీసర్ల క్లబ్బులో పాటలు పాడుతుంది. రెండేళ్ళుగా అవతలివాళ్ళ ముఠాలో ఉంటూ కల్నల్‌కి కబుర్లు చేరవేస్తోంది. ఆకుపచ్చ చేతితొడుగులు, మెడలో నక్క తోలు. ఆమె వచ్చేసరికి పక్క బల్లల దగ్గర మగవాళ్ళ చెంచాలు ఆగిపోయాయి.

"సరస్సు మీద గాలి ఎలా ఉంది?" అంది కసిల్దా. అది కోడ్.

"టోపీలు ఎగరగొడుతోంది," అని జవాబు కోడ్ చెప్పి వయొలెతా కూర్చుంది. "ఇంకా నల్లబట్టలేనా? నీకు బాగానే నప్పాయిలే. నాకైతే శవంలా ఉంటాయి."

ఇలారియోన్‌ని గురువారం సాయంత్రం ఊరి రోడ్డు మీద లారీ అడ్డంపెట్టి పట్టుకుంటారని చెప్పింది. లారీ రంగు చెప్పింది. కేకు తెప్పించుకుని సగం తిన్నాక, ఎవరూ అడక్కుండానే ఇంకోమాట కూడా అంది.

"మీ రోములో మాత్రం బంగారం. అతన్ని అనుమానించకండి, పాపం."

కసిల్దా ఆ మాట తెచ్చి కల్నల్‌కి అప్పజెప్పింది. ఆయన మీసం లాక్కున్నాడు. గురువారం ఉదయం ఇలారియోన్‌కి ముసుగు శిక్షణ ఉంది, తీసుకెళ్ళేది రోములోనే.

"లారీ లేదు, ఏం లేదు," అన్నాడు. "మనం సాయంత్రం దాకా రోడ్డు కాసుకుంటూ కూర్చోవాలని చెప్పింది. ఈ వయొలెతా రెండువైపులా తింటోందమ్మాయ్."

"మరి రోములోని పట్టుకోండి."

"ఏమని? కుర్రాడికి పాఠం చెప్పడానికి వెళ్తున్నాడనా? దారి తప్పేదాకా వాడు ఇన్‌స్ట్రక్టరే. తప్పాక పట్టుకోవాలి, దాటేలోపు పట్టుకోవాలి. ఇలారియోన్ బదులు ఎవరో ఒకరు వెనక కూర్చోవాలి."

విమానం నడపడం ఫెర్మీన్ కసిల్దాకి ఎప్పుడో నేర్పాడు. ఇలారియోన్ సన్నగా, ఆమె అంత ఎత్తే ఉంటాడు. హెల్మెట్, ఆక్సిజన్ మాస్కు పెట్టుకుంటే కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ముసుగులో ఉన్నవాడు మాట్లాడకూడదన్నది ఆ స్కూలు పద్ధతి. విన్నాననడానికి మైకు మీట నొక్కితే చాలు.

"నువ్వు రుజువు లేకుండా తిరిగొస్తే ఫెర్మీన్ విషయం నేనింకెప్పుడూ ఎత్తలేను," అన్నాడు కల్నల్. "తెలుసుగా?"

తెలుసునంది.

గురువారం ఉదయం టెక్నీషియన్లు వెనక సీటు కింద టేపు రికార్డర్ బిగించారు. కుడి మోకాలి పక్కన ఒక చిన్న పిన్ను పెట్టారు. అది లాగితే ముందు సీటు స్టీరింగ్ కర్రకి సంబంధం తెగిపోయి వెనకవాడికే అధికారం వస్తుంది. లిప్‌స్టిక్ గొట్టంలో ఇంకో కంపాస్ అమర్చి ఇచ్చారు. అసలు ఇలారియోన్‌ని వంటింటి స్టోరు గదిలో పెట్టి తాళం వేశారు.

రోములో వచ్చి ఆమె హెల్మెట్ మీద తట్టాడు. రాత్రి నిద్రపట్టిందా అని అడిగి, జవాబు కోసం చూడకుండా ముందు సీట్లోకి ఎక్కాడు. గాల్లోకి లేచాక ముసుగు లాక్కోమన్నాడు. కసిల్దా లాక్కుంది.

పసుపు వెలుగు, కాన్వాస్ వాసన. ఆ తర్వాత మీటర్లే.

"దక్షిణం. అలాగే పట్టుకో," అన్నాడు రోములో.

ఆమె మీట నొక్కింది. దక్షిణాన చదునైన ఉప్పునేల ఉంది. శిక్షణ విమానాలన్నీ అటే వెళతాయి. సరిహద్దు పడమరన, కొండల వెనక. కంపాస్ దక్షిణమే చూపిస్తోంది. లిప్‌స్టిక్ గొట్టం మూత తీసి చూసింది. అదీ దక్షిణమే.

రోములో మంచి మాస్టరు. రెక్క వాలుతోంది చూసుకో అంటున్నాడు. బాగుంది, అలాగే, అంటున్నాడు. ఇంకాస్త ఎత్తు కావాలన్నాడు. ఎండ వేడికి గాలి ఎగదన్నుతోందని కారణం చెప్పాడు. అంతా సక్రమంగానే ఉంది. బహుశా కల్నల్ పొరబడ్డాడు. బహుశా ఫెర్మీన్ నిజంగానే పారిపోయాడు. ఆ ఆలోచన వచ్చినప్పుడు కూడా కసిల్దాకి ఏమీ అనిపించలేదు. రెక్క వాలుతోంటే సరిచేసింది.

అప్పుడు మెడ మీద చలి కోసింది.

ముందు సీటు గాజు తలుపు కొద్దిగా జరిగిన చప్పుడు. ముసుగు అంచు టపటపా కొట్టుకుంది. ఆ సందులోంచి ఘాటైన వాసన వచ్చింది. సారా వాసన. క్షణంలో తలుపు మళ్ళీ మూసుకుంది.

ఆ దేశంలో కొండ కనుమ దాటేవాడెవడూ ఒట్టి చేతులతో దాటడు. నడిచేవాడు రాయి పెడతాడు, లారీవాడు బండి ఆపి నేల మీద గుక్కెడు సారా పోస్తాడు. మొట్టమొదటి పైలట్లు కంచరగాడిదలు తోలేవాళ్ళ కొడుకులు. వాళ్ళు గాల్లోనూ మానలేదు. జేబులో చిన్న సీసా పెట్టుకుని, కనుమ మీదికి రాగానే తలుపు వేలెడంత తీసి నాలుగు చుక్కలు వదిలేవాళ్ళు. అది ఏ శిక్షణ పుస్తకంలోనూ లేదు, అందరూ చేస్తారు.

ఉప్పునేల మీద ఎవరూ చెయ్యరు. అక్కడ కనుమ లేదు.

వెనక సీటు దగ్గర ఎక్కడో అయస్కాంతం పెట్టాడన్నమాట. రెండూ కలిసి అబద్ధం చెప్పాయి.

ఫెర్మీన్‌కి కూడా ఇదే వాసన వచ్చి ఉంటుంది, అనుకుంది కసిల్దా. ఎడమచేత్తో రికార్డర్ మీట నొక్కి, మాస్కులో మాట్లాడింది.

"కొండకి పోశావా, రోములో?"

ఆమె చేతిలో కర్ర ఒక్కసారి అదిరింది.

"వదినా?" అన్నాడు రోములో. "నువ్వెందుకెక్కావు?"

"ఇది ఉప్పునేలేనా?"

"నీకేం కానివ్వను. అవతల దిగాక రైలెక్కించి పంపించేస్తా. ఒట్టు."

"ఫెర్మీన్‌కీ ఇలాగే చెప్పావా?"

"చెప్పాను. వాడు వింటేగా. కర్ర పట్టుకుని వెనక్కి లాగేశాడు. నేను దూకేశా. వాడు అటు పోలేదు వదినా. ఇటే తిప్పుతున్నాడు. ఇంటివైపే."

కసిల్దా ఎత్తు చూపించే మీటరు చూసింది. ముల్లు వణుకుతోంది.

"దేశాన్నే అమ్ముకుంటున్నావు. కొండకి పోయడం ఎందుకు?"

"పొయ్యకుండా ఎలా దాటను?" అన్నాడు రోములో. ఆ ప్రశ్న అతనికి నిజంగానే అర్థం కానట్టుంది.

అతను కర్ర ముందుకి నొక్కాడు. కనుమ అవతలి వాలులోకి దిగుతున్నారు. ఇంకొంచెం దిగితే ఆ బరువు విమానం మళ్ళీ ఇవతలికి ఎక్కలేదు. కసిల్దా పిన్ను లాగింది, రెండో చేత్తో ముసుగు చింపి అవతల పారేసింది.

వెలుగు. ఎదురుగా, రెక్కల వెడల్పున, నల్లటి రాతిగోడ.

ఎవరైనా విమానం ముక్కు పైకెత్తుతారు. పలచటి గాల్లో ఎత్తితే విమానం జారి రాయిలా పడిపోతుందని ఫెర్మీన్ నేర్పాడు. ముందు దించు, వేగం తెచ్చుకో, అప్పుడు తిప్పు. దించడానికి గుండె ఉండాలి అనేవాడు. ఆమెకి గుండె ఉందో లేదో ఆ ఏడాదంతా తెలియలేదు, ఇప్పుడు ఆ సంగతి అడ్డం రాలేదు. గోడవైపే ముక్కు దించింది. రాళ్ళ మీద మంచు చారలు విడివిడిగా కనిపించాయి. రోములో ఏదో దేవతని పిలిచాడు. వేగం ముల్లు గీత దాటగానే కర్రని పక్కకి వాల్చి లాగింది. విమానం ఒళ్ళంతా దడదడలాడింది. ఎడమ రెక్క కింద గోడ, దాని వెంటే విమానం నీడ, రెండూ ఒకదాన్నొకటి తాకేలా వచ్చి విడిపోయాయి. కనుమ మళ్ళీ కిందికి వచ్చింది, ఈసారి ఇవతలికి.

రోములో తలుపు తెరిచి లేచాడు.

"దూకే ముందు చూసుకో," అంది కసిల్దా. "నీ పారాచ్యూట్ సంచిలో కల్నల్ గారు వంటింటి దుప్పట్లు కుక్కించారు."

అతను మెల్లగా కూర్చుని తలుపు వేసుకున్నాడు. బేస్‌లో దిగేటప్పుడు అలవాటుగా, రెక్క వాలుతోంది చూసుకో వదినా, అన్నాడు.

వయొలెతాని ఆ సాయంత్రం రైల్వే స్టేషన్లో పట్టుకున్నారు. రెండువైపులనుంచీ రావలసిన జీతం ఆగిపోయిందని ఆమె ఇద్దరినీ తిట్టింది.

టేపు విన్నాక పై అధికారులు ఎక్కువసేపు వాదించలేదు. మర్నాడు కల్నల్ స్వయంగా కుర్చీ ఎక్కి ఫెర్మీన్ ఫోటో తలుపు పక్కన తగిలించాడు. కేడెట్లు సెల్యూట్ చేశారు. కసిల్దా చూస్తూ నిలబడింది. ఏడుపో ఏదో ఒకటి వస్తుందనుకుంది. రాలేదు. ఫోటోలో అతని కాలర్ ఒకవైపు మడతపడి ఉంది. ఇస్త్రీ తనే చేసింది. ఆ మడత దగ్గర ఆమె చూపు ఆగింది, చాలాసేపు అక్కడే ఉంది.

రహస్యం కాబట్టి ఆ ప్రయాణం కాగితాల్లో ఆమె పేరు ఎక్కడా రాలేదు. సంగతేమీ తెలియని పరీక్షాధికారి టవర్‌లోంచి చూసి లెఫ్టినెంట్ ఇలారియోన్‌కి మార్కులు వేశాడు: ముసుగు శిక్షణ ప్రథమ శ్రేణి, ల్యాండింగ్ మాత్రం బంగాళాదుంపల మూట జారవిడిచినట్టుంది, మళ్ళీ నేర్చుకోవాలి. ఆ ఉదయమంతా స్టోరు గదిలో గడిపిన ఇలారియోన్ ఇది అన్యాయమని కల్నల్ దగ్గర మొత్తుకున్నాడు.

కల్నల్ ఏం చెయ్యమంటావని కసిల్దాని అడిగాడు.

"నేర్చుకోమనండి," అంది.