పూలకిరీటం పట్టే కారు

సౌమ్యకు మిగిలింది అరగంటే.

పదకొండింటికి మౌలాలిలోని వాళ్లింటికి కారు కొనేవాడు వస్తాడు. ముప్పై ఏళ్లుగా పెళ్లికూతుళ్లను చర్చికి చేర్చిన ఆ పాత విదేశీ కారును, ఈ బుకింగ్ కూడా పోతే అమ్మేస్తానని తండ్రి ఏసురత్నం తేల్చి చెప్పాడు.

బుకింగ్ ఆరోన్ వాళ్ల అక్క పెళ్లిది. తార్నాక చర్చి క్వయర్‌లో రెండేళ్లుగా సౌమ్య పక్కనే నిలబడి పాడే ఆరోన్, ఇప్పుడు యూనివర్సిటీ రోడ్డు మీద తన కొత్త సెడాన్‌కు ఆనుకుని నిలబడ్డాడు.

“మీది పాత కారు కాదు సౌమ్యా, పురాతన కట్టడం. నాది చూడు. ఏసీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, సీటుకు మసాజ్ కూడా.”

“మీ అక్క పెళ్లికి పోతున్నదా, ఫిజియోథెరపీకా?”

బానెట్ తుడుస్తున్న ఏసురత్నం దగ్గాడు. అది దగ్గో, నవ్వో తెలియలేదు.

“మాటలెందుకు? టెస్ట్ పెడదాం.” సౌమ్య సంచిలోంచి అమ్మ పెళ్లినాటి మేలిముసుగూ, పూలకిరీటమూ తీసి చుడీదార్ మీదే పెట్టుకుంది. క్లాసుకు పోతున్న ఇద్దరు ప్రొఫెసర్లు ఆగి మరీ చూశారు.

ముందు సెడాన్. ఎంత వంగినా కిరీటం పైకప్పుకు తగిలి చెవి మీదికి జారింది. తలుపు వేస్తే ముసుగు అంచు బయటే ఉండిపోయింది.

“సన్‌రూఫ్ తెరుద్దామా?” అన్నాడు ఆరోన్.

“కిరీటం బయట పెట్టి పోవాల్నా?”

తర్వాత పాత కారు. ఏసురత్నం తలుపు బార్లా తీశాడు. సౌమ్య కాస్త తల వంచి ఎక్కింది. ఎర్రతోలు సీటు నిండా ముసుగు పరుచుకుంది. కిరీటం కదల్లేదు.

“ఇప్పుడు చెప్పు.”

ఆరోన్ కారును కాదు, ముసుగులోని ఆమెను చూస్తున్నాడు. తుంపర మొదలైనా కదల్లేదు.

“ఏంది, స్క్రీన్ హ్యాంగయ్యిందా?”

“నువ్వే గెలిచావు. అక్కకు ఈ కారే.”

ఏసురత్నం వెంటనే ఫోన్ తీశాడు. “కారు అమ్మట్లేదండీ. మీరు రావొద్దు.”

ఆరోన్ ఉలిక్కిపడ్డాడు. “అమ్మేస్తున్నారా? నాకు చెప్పలేదేం?”

“జాలిపడి బుక్ చేస్తావని,” అంది సౌమ్య నెమ్మదిగా.

అతను కిటికీ దగ్గరకు వచ్చాడు. “ఇంకో బుకింగ్ రాసుకో. డేట్ తెలియదు. పెళ్లికూతురు ఇంకా ఒప్పుకోలేదు. ముసుగు మాత్రం పెట్టుకునే ఉంది.”

రెండేళ్లలో ఒక్క స్వరం తప్పని సౌమ్య గొంతు అప్పుడు తడబడింది. “డ్రైవర్‌ను అడుగు.”

డ్రైవర్ ఏసురత్నం గుడ్డ భుజాన వేసుకున్నాడు. “చర్చికి నేను తోలతానబ్బాయ్. తిరిగొచ్చేటప్పుడు నువ్వే తోలాలి. దీని గేరు స్టీరింగ్ పక్కనుంటది. నేర్చుకుంటావా?”

ఆరోన్ ఒక్క ఉదుటున స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. కారు రెండు గంతులేసి ఆగిపోయింది. కిరీటం సౌమ్య ముక్కు మీదికొచ్చింది.

“క్లచ్!” తండ్రీ కూతుళ్లు ఒకేసారి అరిచారు.

“నా కారులో అది లేదు కదా!”

సౌమ్య దిగి, ముందు సీట్లో అతని పక్కన కూర్చుంది. “నేర్చుకునేదాకా డేట్ లేదు. రేపు పొద్దున ఆరింటికి రా.”

“లేటయితే?”

“కొనేటాయన నంబర్ ఇంకా ఉన్నది.”