బోషాణం వీపుకి సరిపోయే జీను

“అది పొగరు కాదు!”

చిటపట అరిచిన అరుపుకి గుర్రపుశాల కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

స్వారీ నేర్చుకోవడానికొచ్చిన సోడాబుడ్డి రంపపు పొట్టులో కూర్చుని కళ్ళద్దాలు వెతుక్కుంటున్నాడు. వాణ్ణి కింద పడేసిన గోధుమరంగు గుర్రం మాత్రం ఏమీ ఎరగనట్టు గోడవైపు తిరిగి నిలబడింది. దాని పేరు బోషాణం. పాతకాలపు ఇళ్ళల్లో ఉండే పెద్ద చెక్కపెట్టెలాగా దాని వీపు బాగా వెడల్పు, పైన చదును. అందుకే ఆ పేరు.

“పొగరు కాకపోతే మరేంటి? ఈ నెలలో పడ్డవాళ్ళలో నేను మూడోవాణ్ణి!” అన్నాడు సోడాబుడ్డి, నోట్లోని పొట్టు ఉమ్మేస్తూ.

“నీకు కూర్చోవడం రాదు. దాన్నంటావేం?”

“నాకు రాదు సరే. ముందు పడ్డ ఇద్దరికీ రాదా?”

“రాదు!”

ఇలా ప్రతిదానికీ ఒంటికాలి మీద లేస్తుంది కాబట్టే పదకొండేళ్ళ ఆ పిల్లని అందరూ చిటపట అంటారు. స్వారీ నేర్పే ఆ స్కూలు ఆమె మేనత్తది. బోషాణానికి నీళ్ళు పెట్టడం, ఒళ్ళు తోమడం, జీను కట్టడం, అన్నీ చిటపట పనే. ఇంకొకళ్ళు చెయ్యేస్తే ఊరుకోదు.

అత్త పరుగెత్తుకొచ్చి సోడాబుడ్డి మోచేతులు తిప్పి చూసింది. గీరుకుంది, అంతే. ఆమె లేచి నిలబడి నిట్టూర్చింది.

“చిటపటా, ఇక నావల్ల కాదే. ఇటుకబట్టీ ఆయన బండికి గుర్రం కావాలంటున్నాడు. శనివారం సాయంత్రం రమ్మన్నాను.”

“ఇటుకలా! బోషాణం చేత ఇటుకలు లాగిస్తావా?”

“పిల్లల్ని పడేసే గుర్రాన్ని పెట్టుకుని నేనేం నేర్పను?”

“తప్పు దానిది కాదత్తా, జీనుది! అది ఇరుకు. బట్టల క్లిప్పు పట్టినట్టు పట్టేస్తోంది. నీకు ఎన్నిసార్లు చెప్పాను? ఒక్కసారైనా విన్నావా?”

అత్త వేళ్ళ మీద లెక్క వేసింది. తర్వాత అంది, “దీని వీపుకి కొలిచి కొత్తది చేయించాలంటే స్కూటరు కొన్నంత అవుతుంది. అందులో నాలుగో వంతు ఇవ్వగలను నేను. ఆ ధరలో దొరికితే చెప్పు, వచ్చి కొంటాను. దొరక్కపోతే మాత్రం శనివారం నాతో పోట్లాడకూడదు.”

మర్నాడు స్కూలు వదలగానే చిటపట బజారుకి బయల్దేరింది. వెనకాలే సోడాబుడ్డి.

“నువ్వెందుకు?”

“పడింది నేను. ఎందుకు పడ్డానో నాకూ తెలియాలిగా.”

పెద్ద దుకాణంలో జీనులన్నీ అద్దంలా మెరుస్తున్నాయి. కొత్త తోలు వాసనకి చిటపట కోపం కూడా ఒక్క క్షణం మెత్తబడింది. దుకాణదారు ఒకటి తీసి గల్లాపెట్టె పక్కన పెట్టాడు.

“ఇది తీసుకో పాపా. చవక. ఫ్రీ సైజు. ఏ గుర్రానికైనా సరిపోతుంది.”

“ఏ గుర్రానికైనానా? మా గుర్రాన్ని చూశారా మీరు?”

“చూడక్కర్లేదమ్మా, ఫ్రీ సైజు అన్నానుగా.”

“మా నాన్న చొక్కా నాకు ఫ్రీ సైజే! వేసుకుని స్కూలుకి వెళ్ళనా?” అని కస్సుమంది చిటపట.

దుకాణంలో ఉన్నవాళ్ళు నవ్వారు. దుకాణదారు నవ్వలేదు. వేలితో వెనక సందు చూపించాడు. “పాతవి బాగుచేసే తాత ఉన్నాడు. ఆయన్ని వేపుకుతిను, పో.”

తాత గది చిన్నది. గోడల నిండా పాత జీనులు గబ్బిలాల్లా వేలాడుతున్నాయి. ఆయన ఒళ్ళో ఒక జీను పెట్టుకుని లావుపాటి సూదితో కుడుతున్నాడు. చిటపట ఊపిరి తీసుకోకుండా చెప్పిందంతా విన్నాడు. ఇటుకబట్టీ ఆయన్నీ, దుకాణదారునీ, అత్తనీ, సోడాబుడ్డినీ వరసపెట్టి తిట్టడం అయ్యాక అన్నాడు,

“అందరి సంగతీ చెప్పావు తల్లీ. వీపు సంగతి చెప్పలేదే.”

ఆయన మూరెడు పొడవున్న మెత్తటి తీగ ఒకటి ఇచ్చాడు. గుర్రం మూపు వెనక అడ్డంగా పెట్టి వీపుని అంటుకునేలా వంచాలి. వంపు చెదరకుండా తీసి, అట్ట మీద పెట్టి, పెన్సిలుతో గీయాలి. ఆ గీతే బోషాణం కొలత.

బుధవారం ఇద్దరూ అట్టముక్క పట్టుకుని మళ్ళీ వెళ్ళారు. తాత దాన్ని దూరంగా పెట్టి చూశాడు. దగ్గరగా పెట్టి చూశాడు.

“ఇది వీపా, వంతెనా?”

“దాని వీపుని ఏమీ అనకండి తాతా!”

“మెచ్చుకుంటున్నాను పిల్లా. ఎన్నాళ్ళుగా పడేస్తోంది?”

“నెల నుంచి. అంతకుముందు జీను చూస్తే చెవులు వెనక్కి పెట్టేది, అంతే.”

“నెల కిందట ఏం మారింది?”

“ఏమీ మారలేదు. ఇంకా చెప్పాలంటే దాన్ని నేనొక్కదాన్నే పట్టించుకున్నాను! నొప్పి పుట్టకూడదని జీను కింద మా అమ్మ పాత శాలువా పెడుతున్నాను. నాలుగు మడతలు పెట్టి. బయటికి కనిపించకుండా.”

తాత సూది ఆగింది.

“బూట్లు బిగుతైతే ఏం చేస్తావు తల్లీ? మందపాటి మేజోళ్ళు ఇంకో జత వేసుకుంటావా?”

“ఎవరైనా వేసుకుంటారా? అప్పుడు ఇంకా బిగిసి...”

మాట అక్కడే ఆగిపోయింది. చిటపట చెవులు వేడెక్కాయి. కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీద చూపించాలో వెతికింది. దుకాణదారు? కాదు. అత్త? కాదు. సోడాబుడ్డి అసలే కాదు. గదిలో ఇంకెవరూ మిగల్లేదు.

“అంటే నన్ను పడేసింది శాలువా అన్నమాట,” అన్నాడు సోడాబుడ్డి మోచెయ్యి రుద్దుకుంటూ.

చిటపట నేల చూస్తూ అంది, “శాలువా కాదు. నేను.”

వాడు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. “పోన్లే. పొట్టు మరీ అంత చేదుగా లేదు.”

ఆ సాయంత్రం చిటపట శాలువా మడత పెట్టి అత్త ఒళ్ళో పెట్టింది. జరిగిందంతా చెప్పి, “ఇప్పుడు తిట్టు,” అంది.

అత్త శాలువాని అటూ ఇటూ తిప్పింది. “ఎక్కించేముందు జీను కింద చెయ్యి పెట్టి చూడాల్సింది నేను. ఎవరు తిట్టాలి నన్ను?”

“నేను తిట్టనా?”

“వద్దులే. ఇప్పటికే చాలా అన్నావు.”

శనివారం తాత అట్ట మీది గీత ప్రకారం సరిచేసిన జీను ఒకటి భుజాన వేసుకొచ్చాడు. చూడటానికి ఏం బాగాలేదు. ఒక పక్క నలుపు, ఒక పక్క ముదురు ఎరుపు. మధ్యలో అరచేయంత అతుకు. ధర మాత్రం అత్త చెప్పినదాని కంటే కాస్త తక్కువే.

చిటపట క్లాసులో బోర్డు కింద రాలిన సుద్దపొడి పొట్లం కట్టి తెచ్చింది. తాత దాన్ని బోషాణం వీపు మీద పల్చగా చల్లాడు. ముందు పాత జీను పెట్టి తీశాడు. దాని అడుగున రెండే రెండు తెల్లటి మచ్చలు, బిస్కెట్లంత.

“బరువంతా ఇక్కడే మోసింది పాపం,” అన్నాడు.

తర్వాత అతుకుల జీను పెట్టి తీశాడు. అడుగున అటూ ఇటూ రెండు తెల్లటి బాటలు, ముందు నుంచి వెనక దాకా, ఎక్కడా తెగకుండా. చిటపటకి అంత అందమైన గీతలు ఎవరి నోటుబుక్కులోనూ కనిపించలేదు.

అప్పటికి ఇటుకబట్టీ ఆయన వచ్చేశాడు. చేతిలో తాడుతో గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఒక్క పదినిమిషాలు ఆగండి,” అంది అత్త. “పిల్లాడు ఎక్కి ఒక చుట్టు తిరిగితే గుర్రం ఇక్కడే ఉంటుంది. లేదంటే మీదే.”

చిటపట పల్చటి బట్ట పరిచి, జీను వేసి, పొట్ట కింద పట్టీ బిగించింది. ఆమె ఒక కన్ను గేటు మీదే ఉంది. సోడాబుడ్డి ఎక్కాడు. బోషాణం రెండడుగులు వేసింది.

ఆగింది. ఎడమ చెవి మెల్లగా వెనక్కి వాలింది.

ఇటుకబట్టీ ఆయన తాడు విప్పడం మొదలుపెట్టాడు. “దీనికి పొగరే,” అన్నాడు.

చిటపట పిడికిళ్ళు బిగుసుకున్నాయి. దానికేం పొగరు అని ఆయన్ని అడగాలి. కాళ్ళతో పొడిచావా అని సోడాబుడ్డిని అడగాలి. ఇదేనా కొలత అని తాతని అడగాలి. మూడు కేకలూ నాలుక చివరిదాకా వచ్చేశాయి.

చిటపట నోరు మూసుకుంది. దగ్గరికి వెళ్ళి, అరచెయ్యి చాపి, ఎడమవైపు జీను కిందికి మెల్లగా దూర్చింది.

వేళ్ళకి తగిలింది. వేలెడు లావున బట్ట మడత. కంగారులో వేసినప్పుడు ముడత పడిపోయింది.

గేటు దగ్గర ఆయన చూస్తున్నాడు. అత్త చూస్తోంది. తాత చూస్తున్నాడు.

“ఒక్కసారి దిగు,” అంది చిటపట సోడాబుడ్డితో. “దానిది కాదు, నీది కాదు. నేనే సరిగ్గా వెయ్యలేదు.”

జీను విప్పింది. బట్ట తీసి దులిపింది. మళ్ళీ పరిచి రెండు చేతులతో, మంచం మీద దుప్పటి సరిచేసినట్టు, మెడ నుంచి నడుం దాకా నిమిరింది. బోషాణం తల తిప్పి ఆమె జేబు వాసన చూసింది. చెవి లేచి నిలబడింది.

సోడాబుడ్డి మళ్ళీ ఎక్కాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. మూడో చుట్టులో వాడు కళ్ళద్దాలు జారుతుంటే ఒక చేత్తో సర్దుకున్నాడు కూడా.

ఇటుకబట్టీ ఆయన తాడు చుట్టుకుని, గేటు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి ఇంకోసారి చూసి వెళ్ళిపోయాడు.

చిటపట ఏమీ అరవలేదు. సుద్ద అంటుకున్న అరచేతిని చూసుకుంటూ నవ్వింది. కప్పు మీద పావురాలు ఒక్కటీ కదల్లేదు.