నిన్న వచ్చిన మనిషి

పరిగెడుతోంది.

రాళ్ళు పరిచిన సందు. వాన పడి వెలిసింది. కాళ్ళ కింద జారుతోంది.

ఊళ్ళో దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. దుకాణాల వాళ్ళు షట్టర్లు దించుతున్నారు. అడ్డం వచ్చిన సైకిల్‌వాడు బ్రేకేసి ఏదో తిట్టాడు. తిట్టేనని అర్థమైంది కానీ ఏం తిట్టాడో తెలీదు. నాలుగు రోజులైంది ఈ దేశం వచ్చి. ఒక్క ముక్క అర్థమై చావదు.

చెవి దగ్గర ఫోను.

రింగవుతోంది... రింగవుతోంది...

"ఎత్తవే బుజ్జీ. ఎత్తు."

ఎత్తడం లేదు.

ఆమె డ్రిల్ టీచరు. ఎండలో నిలబడి ఈల ఊదుతూ వందలమంది పిల్లల్ని పరిగెత్తించింది. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టరు తనని మాత్రం పరుగు మానెయ్యమన్నాడు. ఇప్పుడా మోకాళ్ళు నిప్పులు కట్టినట్టు మండుతున్నాయి.

ఆగదు.

ఆగితే చెల్లెలు దక్కదు.

కాసేపటి కిందట ఆమె నవ్వుతోంది.

హోటల్‌కి నాలుగు వీధుల అవతల సందులో చిన్న గది. తలుపు మీద అరచెయ్యి బొమ్మ. లోపల గ్యాస్ హీటరు, రెగ్జిన్ గుడ్డ పరిచిన టేబులు, మూలలు అరిగిన పేక ముక్కలు, ఒక ముసలావిడ. టేబులు మీద అద్దం పగిలిన ఫోను. ముసలావిడ తన భాషలో మాట్లాడితే ఫోను తెలుగులో చెబుతుంది.

జాతకాలంటే టీచరుకి ఒళ్ళు మంట. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా ఆ మాటెత్తితే ఏడిపించి వదిలేది. అలాంటిది తనే వెళ్ళి కూర్చుంది.

చెల్లెలి కోసం.

అమ్మ పదేళ్ళు మంచాన పడి పోయింది. ఆ పదేళ్ళూ అమ్మకి ఎత్తిపోసిందీ తనే, చెల్లెలికి జడలేసి బడికి పంపిందీ తనే. తన పెళ్ళి మాట ఎవరూ ఎత్తలేదు. తనూ ఎత్తలేదు. చెల్లెలికి మాత్రం దగ్గరుండి చేసింది.

ఇప్పుడా చెల్లెలు మనిషి సగమైంది. పొద్దున టిఫిన్ దగ్గర చేతిలోంచి గ్లాసు జారిపోయింది. వేళ్ళు వణుకుతున్నాయి. మొగుడి వంక చూసింది. చెయ్యి టేబులు కిందికి దాచేసుకుంది.

భయం. భయం కాక ఇంకేమిటి?

మరిది సంగతీ అలాగే ఉంది. పెళ్ళాన్ని కూరగాయల బజారుకి కూడా తీసుకెళ్ళని మనిషి ఉన్నట్టుండి ఫారిన్ ట్రిప్పు పెట్టాడు. అక్క రాకపోతే నేనూ రానని బుజ్జి మొండికేసింది. "పెళ్ళిరోజుకి డ్రిల్ టీచర్ని వెంటబెట్టుకెళ్ళే మొగుణ్ణి నేనొక్కణ్ణే వదినా," అని నవ్వాడు. ఆ నవ్వు పెదాల మీదే ఆగిపోయింది. వచ్చినప్పట్నుంచీ వరండాలోకి వెళ్ళి గుసగుసగా ఫోన్లు. తను కనబడితే కట్ చేసేస్తాడు.

ఇవాళ మధ్యాహ్నం ఇంకో మాట. "ఈ సాయంత్రం మమ్మల్నిద్దర్నీ కాస్త వదిలెయ్యండి వదినా."

అందుకే వీధిలోకి వచ్చేసింది. అందుకే ఆ అరచెయ్యి బొమ్మ కనబడగానే కాళ్ళు ఆగిపోయాయి.

"కూర్చో," అంది ఫోను. "నీ అమ్మ మంచివాడు. అతను పైనుంచి నిన్ను చూస్తున్నాడు."

"మా అమ్మ వింటే నీకు దేహశుద్ధి చేసేది," అంది టీచరు. నవ్వాపుకోలేకపోయింది.

అంతలో తట్టింది. తనది తెలుగని తను చెప్పలేదు. ఫోను ముందే తెలుగులో ఉంది.

"మా చెల్లెలి కాపురం ఎలా ఉంటుంది?" అని అడిగింది.

ఫోను ఆ మాట వాళ్ళ భాషలో చెప్పింది. ముసలావిడ ఆమె మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత ఫోను మీద వేలుపెట్టి వెనక్కి, వెనక్కి జరిపింది. ఒకచోట ఆపి నొక్కింది.

ఫోను పాత మాట ఒకటి చదివింది. అదే గొంతు. ఎవరు మాట్లాడినా ఒకేలా పలికే, ప్రాణం లేని గొంతు.

"సముద్రంలో పడితే యాక్సిడెంటే అనుకుంటారు కదా? ఎవరికీ అనుమానం రాదు కదా? రేపు సాయంత్రం మంచిదేనా?"

గ్యాస్ హీటరు బుస్సుమంటోంది.

"ఎవరడిగారిది?" టీచరు ఫోను మీదికి వంగింది. మళ్ళీ అడిగింది. "ఎవరు?"

"అతను నిన్న వచ్చాడు. నీ భాష మనిషి. అతను ఏడ్చాడు. నేను వద్దు చెప్పాను. అతను వినలేదు."

ఈ ఊళ్ళో తెలుగు మాట్లాడే మగవాడు ఒక్కడే.

ఏడ్చాడట. చేసేముందు ఏడ్చేవాళ్ళూ ఉంటారు.

నిన్న అడిగాడు. రేపు సాయంత్రమన్నాడు. అంటే ఇవాళ.

అంటే ఇప్పుడు.

కుర్చీ వెనక్కి పడింది. ఆమె సందులో ఉంది. వెనక ఫోను ఇంకా ఏదో చెబుతోంది, వినేవాళ్ళు లేని గదిలో.

హోటల్.

మెట్లెక్కుతుంటే పైనుంచి రింగు వినిపిస్తోంది. బుజ్జి ఫోను. తను చేస్తున్న కాలే.

గది తలుపు బార్లా తీసి ఉంది. దిండు మీద ఫోను మోగుతోంది. కొక్కేనికి బుజ్జి చలికోటు వేలాడుతోంది.

ఈ చలిలో కోటు లేకుండా ఎవరు బయటికెళ్తారు?

ఎవరైనా లాక్కెళ్తే తప్ప.

కిందికి పరిగెత్తింది. రిసెప్షన్‌లో పిల్ల బిత్తరపోయి చూస్తోంది. టీచరు చేతులతో అడిగింది. మా వాళ్ళు, ఇద్దరు, ఎటు?

ఆ పిల్లకి అర్థమైంది. బల్ల మీద రెండు వేళ్ళు నడిపించింది. పొడుగు జుట్టని సైగ చేసింది. ఆమె. రెండో చేత్తో ఇంకో రెండు వేళ్ళు. మీసం. అతను. ఆ వేళ్ళు ఈ వేళ్ళ వెనక పరిగెత్తాయి.

తరుముతున్నాడు.

పిల్ల కిటికీ వైపు చూపించింది. సముద్రం వైపు.

మళ్ళీ పరుగు. ఈసారి మరిదికి ఫోను.

ఒక రింగు. రెండు. ఎత్తాడు.

"వదినా..." ఆయాసం. వెనక గాలి హోరు.

"బుజ్జి ఏది?"

"మీరు గదిలోనే ఉండండి. ఇటు రావద్దు."

"దానికివ్వండి ఫోను."

"దండం పెడతాను వదినా, ఇప్పుడు కాదు..."

వెనకనుంచి బుజ్జి గొంతు. ఏడుపు.

"వదలండి. నన్ను వదలండి..."

కట్.

నాలుగు రోడ్ల దగ్గర ఒక పోలీసు. టీచరు వెళ్ళి అతని చొక్కా పట్టుకుంది. "మా చెల్లెల్ని చంపేస్తున్నాడు. సముద్రం దగ్గర. రండి, రండి."

పోలీసు మర్యాదగా తలూపాడు. సముద్రమనే సైగ మాత్రం తెలిసింది. జేబులోంచి టూరిస్ట్ మ్యాపు తీసి, మడతలు విప్పి, బీచ్ ఎటో వేలితో చూపించాడు.

చొక్కా వదిలేసింది.

ఎవరూ రారు. తనే.

రోడ్డు అయిపోయింది. ఇసుక. ఇసుక దాటాక రాళ్ళగట్టు, సముద్రంలోకి పొడుగ్గా, సన్నగా. చివర ఒక ఎర్రదీపం. రెయిలింగ్ లేదు.

దీపం కింద ఇద్దరు.

మరిది బుజ్జి మణికట్లు రెండూ పట్టుకున్నాడు. లాగుతున్నాడు. ఆమె గింజుకుంటోంది. ఇద్దరూ గిర్రున తిరిగారు. ఇప్పుడు మరిది అంచు మీద ఉన్నాడు, మళ్ళీ బుజ్జి, మళ్ళీ మరిది.

అల గట్టుని కొట్టి ఇద్దరి మీదా పడింది.

"వదలండి దాన్ని!"

మరిది తల తిప్పాడు. మొహమంతా తడి.

"వదినా, ఇటు... పట్టుకోండి..."

మిగతాది గాలి ఎత్తుకుపోయింది.

ఆమె ఆగలేదు. భుజం దించింది. ఉన్న బలమంతా అందులోకి తెచ్చుకుంది.

గుద్దింది.

బుజ్జి మణికట్లు వదిలేశాడు. వదలకపోతే ఆమె కూడా వచ్చేసేది. అందుకే వదిలాడు. ఒక్క క్షణం గాల్లో అతని చేతులు ఖాళీగా కనబడ్డాయి.

తర్వాత ఎర్రదీపం కింద ఇద్దరే ఉన్నారు.

టీచరు చెల్లెల్ని గుండెలకి హత్తుకుంది. "అయిపోయింది తల్లీ. అయిపోయింది. నేను వచ్చేశాగా."

బుజ్జి కొయ్యలా నిలబడి ఉంది.

"ఏం చేశావక్కా?"

"నిన్ను తోసేద్దామనుకున్నాడే వాడు. ముసలావిడ దగ్గరికెళ్ళి మంచిరోజు కూడా అడిగొచ్చాడు."

"అడిగింది నేను."

గాలి.

"నిన్న వెళ్ళింది నేనక్కా. దూకబోతుంటే ఆయన ఆపుతున్నారు."

నీ అమ్మ మంచివాడు, అంది ఆ ఫోను. ఆడమనిషైనా దానికి 'అతనే'.

"అమ్మకొచ్చిందే నాకూ వచ్చింది. ఆర్నెల్లయింది తెలిసి. నీకు చెప్పొద్దని ఆయనతో ఒట్టేయించుకున్నాను. వరండాలోకెళ్ళి డాక్టర్లకి ఫోన్లు చేసుకునేవారు పాపం, ఏదైనా దారి చెబుతారేమోనని. దారి లేదు. నువ్వే చూశావుగా అమ్మని." బుజ్జి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "ఇంకో పదేళ్ళు నాకు ఎత్తిపోస్తావా? ఇంక నీకేం మిగులుతుందే?"

వణికే వేళ్ళు. దాచుకున్న చెయ్యి. అమ్మకీ అలాగే మొదలైంది. గ్లాసుతోనే మొదలైంది. ఆ చేతిని పదేళ్ళు పట్టుకున్న తను పోల్చుకోలేకపోయింది.

"వదినా..."

కిందనుంచి.

ఇద్దరూ అంచు మీదికి వంగారు. నల్లటి నీళ్ళు. రాళ్ళ మధ్య ఒక తల. ఒక చెయ్యి రాయిని పట్టుకుని ఉంది. రెండో చెయ్యి వేలాడుతోంది. అల వచ్చింది. తల మునిగింది. తేలింది.

"ఆయనకి ఈత రాదక్కా."

బుజ్జి కిందికి దిగబోయింది. టీచరు ఆమె నడుం చుట్టూ చేతులేసి పట్టేసుకుంది.

"వద్దు. నువ్వొద్దు. నేను దిగుతా."

"నీ మోకాళ్ళతోనా? వదులు."

"వదిలితే నువ్వు..."

"చావనులే. వదులక్కా, ఆయన పోతున్నారు."

నిజమో అబద్ధమో మొహం చూసి చెప్పలేకపోయింది. చిన్నప్పట్నుంచీ ఆ మొహం చదివింది తనే.

అల. తల మునిగింది. ఈసారి వెంటనే తేలలేదు.

చేతులు సడలించింది.

బుజ్జి నాచు రాళ్ళ మీద కూర్చుని జారుతూ దిగింది. నడుం దాకా నీళ్ళల్లో ఉంది. మొగుడి చొక్కా కాలరు దొరికింది. లాగింది. అతని తల పైకొచ్చింది. దగ్గుతున్నాడు. ఏదో అంటున్నాడు. ఆమె అతని వెనక చేరి భుజం ఆనించి పైకి తోస్తోంది.

"అక్కా, చెయ్యి!"

టీచరు గట్టు మీద బోర్లా పడుకుంది. రెండు చేతులూ కిందికి చాచింది. అందలేదు. ఇంకా జరిగింది. సగం ఒళ్ళు గాల్లో ఉంది.

బుజ్జి అతని మణికట్టు పట్టుకుని పైకెత్తింది. ఆమె చెయ్యి వణుకుతోంది. వణుకుతూనే ఆ మణికట్టుని అక్క చేతుల్లో పెట్టింది.

అందింది.

"పట్టుకున్నా. బుజ్జీ, నువ్వు రాయి పట్టుకో. గట్టిగా పట్టుకో. ఈయన పైకొచ్చాక నిన్ను..."

బుజ్జి రాయి మీద చెయ్యి వేసింది. వేళ్ళు బిగించబోయింది.

బిగియలేదు. ఆ వేళ్ళు ఇప్పుడు ఆమె మాట వినవు.

తన చేతి వంక తనే చూసుకుంది. తలెత్తి అక్క వంక చూసింది.

అల వచ్చింది. ముందొచ్చిన వాటికంటే పెద్దది.

గట్టు మొత్తం నీళ్ళు. కళ్ళల్లో, నోట్లో ఉప్పు. టీచరు కళ్ళు మూసుకుని చేతులు మాత్రం బిగించింది.

నీళ్ళు వెనక్కి తీశాయి.

రాయి ఉంది. రాయి మీద నాచు ఉంది.

బుజ్జి లేదు.

"బుజ్జీ..." అరిచాడు మరిది. మెడ తిప్పి నీళ్ళల్లోకి చూస్తున్నాడు. దూరంగా తెల్లగా ఏదో తేలినట్టుంది. నురగో, బుజ్జి బట్టలో. "అదుగో. అదుగో వదినా. వదలండి నన్ను."

"మీకు ఈత రాదు."

"వదలండి. మీరే కదా తోశారు? ఇప్పుడు వదలండి."

టీచరు గడ్డం రాతికి ఆన్చింది. మోచేతులు చెక్కుకుపోతున్నాయి. ఒక్కో జానెడూ లాగుతోంది. అతను కాళ్ళతో రాళ్ళని తన్నుతూ తనని తనే కిందికి లాక్కుంటున్నాడు. దెబ్బ తగలని చేత్తో ఆమె వేళ్ళని ఒక్కొక్కటే విడదీస్తున్నాడు. గోళ్ళతో రక్కుతున్నాడు. ఆమె బొటనవేలు ఎక్కడో టక్కుమంది.

"దండం పెడతాను వదినా. అది ఒక్కతే ఉంది అక్కడ..."

తెల్లగా తేలినది ఇప్పుడు కనబడటం లేదు.

ఆమె వదలడం లేదు.