మంజులేఖ తెచ్చిన నిద్రమణి

దట్టమైన అడవులను ఆనుకుని రత్నకూటమనే రాజ్యం ఉండేది. దాన్ని ఉదయవర్మ పాలించేవాడు. పంటలు బాగా పండేవి, శత్రుభయం లేదు. అయినా ఒక ఏడు ఆ రాజ్యంలో ఏ ఇంటా సుఖం లేకపోయింది. పిల్లలకు నిద్ర చెడింది. కొందరు నిద్రలో కెవ్వుమని లేచేవారు. కొందరు నిద్రలోనే నడిచి వాకిలి దాటేవారు. కొందరికి ఎంత జోకొట్టినా కన్ను మూతపడేది కాదు. తెల్లవారాక బడిలో కునికేవారు, చిన్న మాటకే ఏడ్చేవారు.

రాజుగారి అయిదేళ్ళ కొడుకు శశాంకుడు కూడా పగలంతా మగతగా, చిరాకుగా ఉండేవాడు. రాత్రి మాత్రం పెద్దగా గురక పెట్టేవాడు. "సింహంలా గుర్రుపెడుతున్నాడు, ఎంత గాఢనిద్రో," అని దాసీలు మురిసిపోయేవారు.

రాజుగారి కూతురు మంజులేఖకు పన్నెండేళ్ళు. తమ్ముడు పుట్టకముందు తండ్రి ఆమెను గుర్రం మీద కూర్చోబెట్టుకుని తోటంతా తిప్పేవాడు. ఇప్పుడు ఆయన కొడుకు మంచం పక్కనుంచి కదలడు. చివరికి వాడి గురకను కూడా అందరూ మెచ్చుకుంటుంటే ఆమె కడుపు రగిలిపోయేది. తలుపు చాటున నిలబడి తమ్ముణ్ణే చూస్తూ ఉండేది. వాడు నోరు తెరుచుకుని నిద్రపోవడం, మెడ వెనక్కి విరవడం, చెమటతో తలగడ తడిసిపోవడం, అన్నీ ఆ ఓర్వలేని కళ్ళకు కనబడేవి.

ఆస్థాన జ్యోతిష్కుడు లెక్కలు వేసి, "అడవిలోని రాక్షసి పిల్లల నిద్రను దొంగిలించింది. ఆమె దగ్గరున్న నిద్రమణిని తెస్తేనే పీడ విరగడవుతుంది," అన్నాడు. మణి తెచ్చినవారు కోరింది ఇస్తానని రాజు చాటింపు వేయించాడు.

'ఆ మణి నేనే తెస్తాను. తమ్ముడికి దక్కవలసిన సింహాసనం అడుగుతాను,' అనుకుంది మంజులేఖ. తెల్లవారుజామున ఎవరికీ చెప్పకుండా బయలుదేరింది.

అడవిలో ఒక ఆడ ఎలుగుబంటి దారికి అడ్డంగా నిలబడింది. దాని పక్కన ఒక పిల్ల నిద్రపోతున్నది.

"నా బిడ్డ బాధేమిటో చెబితేనే దారి ఇస్తాను, పాపా. నిద్రపోయిన కాసేపటికే అరుస్తూ లేస్తాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, కానీ నన్ను గుర్తుపట్టడు. పట్టుకుని కుదిపితే ఇంకా గింజుకుంటాడు," అన్నది ఎలుగు.

మంజులేఖ ఆలోచించింది. అంతఃపురంలో ఒక దాసి కూతురికి ఇలాగే జరిగేది.

"పొద్దున్న లేచాక ఆ సంగతి గుర్తుంటుందా, ఎలుగమ్మా?"

"ఏమీ గుర్తుండదు."

"అయితే అది పీడకల కాదు. పీడకల వస్తే పిల్లలు మేలుకుని, ఫలానాది చూశామని చెబుతారు. అప్పుడు దగ్గరకు తీసుకుంటే ఊరడిల్లుతారు. నీ బిడ్డ అరుస్తున్నా ఇంకా నిద్రలోనే ఉన్నాడు. లేపకు. దెబ్బ తగలకుండా పక్కనే కూర్చో. కాసేపటికి తనంతట తనే సద్దుమణుగుతాడు."

ఎలుగు సంతోషించి ఆమెను వీపు మీద ఎక్కించుకుని ఒక ముని ఆశ్రమం దగ్గర దింపింది. అక్కడ ముని తన చిన్న శిష్యుణ్ణి కోప్పడుతున్నాడు. మంజులేఖ రాక్షసి గుహకు దారి అడిగింది.

"వీడు ఉత్త సోమరి. సూర్యోదయానికి లేవడు. ఈ మందమతిని ఏం చేయాలో చెప్పు, రాక్షసి గుహకు దారి చూపిస్తాను," అన్నాడు.

"రాత్రి ఎప్పుడు పడుకుంటాడు, స్వామీ?"

"ఒక్కో రోజు ఒక్కో వేళకు. అతిథులు వస్తే దివిటీల వెలుగులో ఆడుతూనే ఉంటాడు."

"అయితే తప్పు వాడిది కాదు, స్వామీ. రోజూ ఒకే వేళకు దీపం తగ్గించి, ఆటలు మాన్పించి పడుకోబెట్టండి. కొన్నాళ్ళకు వాడే లేస్తాడు."

ముని నవ్వి దారి చూపించాడు.

గుహలో రాక్షసి ఎర్రబారిన కళ్ళతో మణినే చూస్తూ కూర్చుని ఉంది. మంజులేఖ ఆమెకు జ్యోతిష్కుడి మాట చెప్పింది. "నేను నిద్ర దొంగిలించానన్నారా? దొంగిలిస్తే నేనే పడుకునేదాన్ని. పుట్టి బుద్ధెరిగాక నాకు కునుకు లేదు. ఎవరు నిద్రపోయినా ఈ మణిలో కనిపిస్తారు. చూసి కుళ్ళుకుంటూ ఉంటాను. ఇదిగో, వీడిలా హాయిగా నిద్రపోయేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది," అని మణిని ముందుకు జరిపింది.

అందులో శశాంకుడు పగటిపూట సోలి నిద్రపోతున్నాడు. గురక సాగుతూ సాగుతూ ఒక్కసారి ఆగిపోయింది. చిన్న ఛాతీ ఎగిసిపడుతున్నా గాలి లోపలికి పోలేదు. కాసేపటికి వాడు ఉలిక్కిపడి, ఎగపీల్చి, మళ్ళీ గురక అందుకున్నాడు.

మంజులేఖ మణి మీదికి వంగింది. గురక ఇలా ఆగిపోవడం ఆమె ఎన్నోసార్లు విన్నది. అసూయతో విన్నది గనుక అర్థం చేసుకోలేదు.

"వాడిది హాయి కాదు. నా తమ్ముడికి ఊపిరి అందడం లేదు. రాత్రంతా ఇలా పెనుగులాడబట్టే పగలు తూగుతున్నాడు. నేను వెంటనే వెళ్ళాలి. ఆ మణి నాకివ్వు."

"ఇస్తే నాకేం మిగులుతుంది?"

"నిద్ర మిగులుతుంది. తమ్ముణ్ణి చూసి కుమిలిన రాత్రుళ్ళు నాకూ కన్ను మూతపడేది కాదు. ఒకరి నిద్రను కాపలా కాస్తూ నువ్వెలా పడుకుంటావు?"

రాక్షసి మణిని ఆమె చేతిలో పెట్టి, గోడవైపు తిరిగి పడుకుంది. మంజులేఖ గుహ దాటేలోపే రాక్షసి గాఢంగా నిద్రపోయింది.

మంజులేఖ మణితో అంతఃపురానికి తిరిగి వచ్చి తమ్ముడి సంగతి చెప్పింది. రాజవైద్యుడు మణిలో చూసి, శశాంకుడి గొంతు పరీక్షించాడు. లోపల కండలు వాచి గాలిదారిని మూసేస్తున్నాయని కనిపెట్టి వైద్యం మొదలుపెట్టాడు. నెలలు గడిచేసరికి పిల్లవాడు నోరు మూసుకుని నిద్రపోయాడు, పగలు గెంతులు వేశాడు. మిగతా తల్లిదండ్రులూ ఒక్కొక్కరే వచ్చి మణిలో తమ బిడ్డల నిద్ర చూసుకున్నారు. అందరి బాధా ఒకటి కాదనీ, ఏ శాపమూ లేదనీ తెలుసుకున్నారు.

"ఏం కావాలో కోరుకో తల్లీ," అన్నాడు ఉదయవర్మ.

సింహాసనం అన్న మాట మంజులేఖ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ నోటివెంట వేరే మాట వచ్చింది. "రోజూ కాసేపు నాతో కూర్చోండి, నాన్నగారూ. తమ్ముడు లేకుండా."

రాజు కూతురి తల నిమిరాడు. ఆ కోరిక ఒక్కరోజు కూడా తప్పకుండా తీర్చాడు. ఆమె తెలివిని అలా దగ్గరుండి చూశాడు గనుకే, కాలం వచ్చినప్పుడు తానే ఆమెకు పట్టం కట్టాడు. శశాంకుడు అక్కకు సేనాపతి అయ్యాడు. మంజులేఖ ఏలుబడిలో, బడిలో కునికే పిల్లవాడి మీద బెత్తం ఎత్తేముందు "రాత్రి వీడు ఎలా పడుకున్నాడు?" అని గురువులు ఇంటివాళ్ళను అడిగేవారు.